పేరు చివర ఒక మాట

(రాజమండ్రిలో ఒక గ్రంథాలయ సభలో ఒక విశ్రాంత బ్యాంకు అధికారి చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం.

ఈ సభకు పిలిచినప్పుడు నిర్వాహకులు సైబర్ మోసాల గురించి మాట్లాడమన్నారు. ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో చేసినవాణ్ణి కాబట్టి వాళ్లు అలా అడగడం న్యాయమే. కానీ రెండేళ్లుగా నా మనసులో మెదులుతున్న సంగతి వేరే ఉంది, అది చెప్పనివ్వండి అని అడిగాను. ఒప్పుకున్నారు. వాళ్లకు కృతజ్ఞతలు.

నేను చెప్పబోయేది బోమ్ అనే చిన్న జాతి గురించి. వాళ్లుండేది బంగ్లాదేశ్‌లో, చిట్టగాంగ్ కొండల్లో, ముఖ్యంగా బందర్‌బన్ జిల్లాలో. 2011 జనాభా లెక్కల్లో వాళ్ల సంఖ్య 12,424. 2022 లెక్కల్లో 13 వేల పైచిలుకు. పదహారు కోట్లు దాటిన దేశంలో పదమూడు వేల మంది! మన గోదావరి జిల్లాల్లో ఒక పెద్ద పంచాయతీ జనాభా ఎంతుంటుందో అంత. సరిహద్దు ఇవతల మిజోరంలో, అటు బర్మాలోని చిన్ రాష్ట్రంలో ఇంకొంతమంది ఉన్నారు. ఈ అంకెను దయచేసి గుర్తు పెట్టుకోండి. ఈ సాయంత్రం నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

నాకు వాళ్లు ఎలా తెలుసు? 2009లో ప్రమోషన్ మీద నన్ను ఐజ్వాల్ వేశారు. మిజోరం రాజధాని. మా ఇంట్లో అందరికీ టెన్షనే, అంత దూరం ఏంటని. వెళ్లిన నాలుగో నెలలోనో, ఐదో నెలలోనో ఒకాయన ఖాతా తెరవడానికి వచ్చాడు. దక్షిణాన లాంగ్‌త్లై జిల్లా నుంచి వచ్చాడు. సన్నగా, పొట్టిగా, చేతిలో ప్లాస్టిక్ సంచి. ఫారంలో ఇంటిపేరు గడి దగ్గర పెన్ను ఆపేశాడు. నా పక్క సీట్లో మిజో అమ్మాయి క్లర్కుగా ఉండేది. ఆమె ఆయన పేరు చదివి నవ్వుతూ నాకు విడమరిచి చెప్పింది. సార్, లాల్ అంటే దొర. జింగ్ అంటే ఉదయం. మా భాషలోనూ అంతే. ఈ బోమ్‌లు మాకు పినతండ్రి బిడ్డల్లాంటి వాళ్లు. వీళ్లకు ఇంటిపేరుండదు. బంగ్లాదేశ్‌లో ఉండే వీళ్ల చుట్టాలైతే పేరు చివర బోమ్ అని రాసుకుంటారు.

మనకు ఇంటిపేరు ముందొస్తుంది. మన ఊరో, మన వంశమో దాన్నిబట్టి పదిమందికీ తెలుస్తుంది. చిట్టగాంగ్ కొండల్లో జాతిపేరు చివరొస్తుంది. ఫలానా చాక్మా, ఫలానా త్రిపుర, ఫలానా బోమ్. గుర్తింపు కార్డు చూపించగానే ఎదుటివాడికి మనిషి జాతి తెలిసిపోతుంది. ఆ రోజు అదొక కొత్త సంగతిగా విన్నాను, అంతే. దాని బరువు నాకు పదిహేనేళ్ల తర్వాత తెలిసింది.

వాళ్లను వాళ్లు బోమ్‌జో అనుకుంటారు. మిజోలో ఉన్న జో, బోమ్‌జోలో ఉన్న జో ఒకటే. ఈ కొండల్లో కుకీ, చిన్, మిజో అని మనం విడివిడిగా వినే జనమంతా ఒకే భాషా కుటుంబం. మధ్యలో గీతలు పడ్డాయి. బ్రిటిష్ వాళ్ల పాత కాగితాల్లో బోమ్‌లను బంజోగీలని రాశారు. 1860లలో ఆ కొండలకు అధికారిగా వచ్చిన కెప్టెన్ లూయిన్ వాళ్ల దగ్గర విన్న ఒక కథ రాసిపెట్టాడు. ఈయన్నే మిజోలు తంగ్లియానా అని ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ కథ నాకు చాలా ఇష్టం.

వాళ్ల పూర్వీకులు భూమిలో ఒక గుహలోంచి బయటికొచ్చారట. వాళ్లకొక మహానాయకుడు. గయాల్ అనే కొండ ఎద్దును మొదట మచ్చిక చేసింది అతనే. ఎంత గొప్పవాడంటే దేవుడి కూతుర్నే పెళ్లాడాడు. పెళ్లికి దేవుడి ఇంటిదాకా అడవిలో దారి కొట్టాలి. జంతువులన్నిటినీ సాయం పిలిచాడు. అన్నీ వచ్చాయి, వానపాములాంటి ఒకటి రెండు బద్ధకపువి తప్ప. అందుకే వానపాము ఇప్పటికీ ఎండ కంటబడితే చచ్చిపోతుంది. పెళ్లిలో అల్లుడు తన దగ్గరున్న పేరుమోసిన తుపాకీని మామగారికి కానుకిచ్చాడు. ఉరుము వినిపిస్తే ఆ తుపాకీ మోతే అని చెప్పుకునేవారు.

మామకు అల్లుడే కానుకివ్వడం చూడండి. ఆ కొండల్లో చాలా చోట్ల పిల్లను చేసుకునేవాడే పిల్లవాళ్లకు ఇచ్చుకోవాలి. కథలో ఊరి పద్ధతి అలా దూరిపోతుంది. బందర్‌బన్ కొండల మీద బోగా చెరువు అని ఒకటుంది, దాని గట్టున బోమ్‌ల ఊరు. ఆ చెరువుకూ ఒక కథ ఉంది. అక్కడ ఒకప్పుడు ఊరుండేది, ఆ ఊరివాళ్లు నాగును చంపి తిన్నారు, దాని కోపానికి ఊరు ఊరంతా కుంగి నీళ్లయిపోయింది.

ఇప్పుడు వ్యవసాయం గురించి చెప్పాలి, ఎందుకంటే ఇది అర్థం కాకపోతే మిగతాది అర్థం కాదు. ఈ గదిలో రంపచోడవరం, మారేడుమిల్లి వైపు వాళ్లున్నారు. మీకు పోడు తెలుసు. వాళ్లది ఝూమ్. పేరే వేరు, పని అదే. నేను ఐజ్వాల్ వెళ్లకముందు రెండేళ్లు ఏజెన్సీ బ్రాంచిలో చేశాను. కొండరెడ్లు పంట రుణం కోసం వచ్చేవారు. పోడు భూమికి పట్టా లేదు, పట్టా లేకపోతే రుణం లేదు. ఎన్ని తరాలుగా దున్నారో వాళ్లు చెప్పేవాళ్లు, నేను వినేవాణ్ణి, ఫారం వెనక్కి ఇచ్చేవాణ్ణి. ఇప్పటికీ ఆ ముఖాలు కొన్ని గుర్తున్నాయి. బందర్‌బన్‌లోనూ ఝూమ్ కొండకు ఒక మనిషి పేరున పట్టా అంటూ ఉండదు. కొండ ఊరిది. ఊరికి కార్బారీ ఉంటాడు, కొన్ని ఊళ్ల మీద హెడ్‌మన్ ఉంటాడు, అందరి మీదా బొమాంగ్ రాజు. 1900లో బ్రిటిష్ వాళ్లు చేసిన రెగ్యులేషన్ ఈ పద్ధతిని కాగితం మీద పెట్టింది. ఝూమ్ పన్ను చెల్లించే పండుగను రాజ్ పుణ్యాహ్ అంటారు. మన పుణ్యాహవాచనంలో పుణ్యాహమే అది. బెంగాల్ మీదుగా అక్కడిదాకా చేరిన మాట.

జనవరి, ఫిబ్రవరిలో కొండ వాలు మీద వెదురూ తుప్పలూ నరుకుతారు. ఎండనిస్తారు. మార్చి చివరా ఏప్రిల్‌లోనా తగలబెడతారు. మొదటి వాన పడగానే విత్తడం. విత్తేవాళ్లు నడుముకు బుట్ట కట్టుకుంటారు. బుట్టలో వరి, నువ్వులు, పత్తి, మొక్కజొన్న, గుమ్మడి, దోస, మిరప విత్తనాలు కలిపి ఉంటాయి. కుడిచేత్తో కత్తి మొన బూడిద నేలలో గుచ్చి, కొంచెం పక్కకు వంచుతారు. ఆ సందులో ఎడంచేత్తో చిటికెడు గింజలు వేసి అడుగు ముందుకు వేస్తారు. నాగలి లేదు, ఎద్దు లేదు. కొండ అంత నిటారుగా ఉంటుంది, ఎద్దు నిలబడలేదు. ఒక్కో గుంటలో నాలుగైదు పంటలు మొలుస్తాయి. ముందు దోస, మొక్కజొన్న చేతికొస్తాయి. సెప్టెంబరు, అక్టోబరులో వరి. ఆ తర్వాత నువ్వులు, అన్నిటికన్నా చివర పత్తి. ఒక్క చేను ఆరు నెలలు ఇంటిని నడుపుతుంది. ఆ పత్తి ఎంత పేరు పొందిందంటే మొగలుల కాలంలో ఆ ప్రాంతం మొత్తాన్ని కార్పాస మహల్ అనేవారు. కార్పాసమంటే మనకు తెలిసిన పత్తే. కప్పం కూడా పత్తి రూపంలోనే కట్టేవారు.

ఈ లెక్కలో ఏప్రిల్ నెలకున్న విలువ ఎంతో మన రైతుకు చెప్పక్కర్లేదు. తొలకరి తప్పితే ఏడాది తప్పినట్టే.

ఒకప్పుడు నరికిన కొండను పది పదిహేనేళ్లు వదిలేసేవారు. అడవి మళ్లీ పెరిగేది. ఇప్పుడు మూడు నాలుగేళ్లకే తిరిగి నరకాల్సి వస్తోంది. నేల సారం పోతోంది. ఎందుకంటే కొండ తగ్గింది. బ్రిటిష్ వాళ్లు 1870ల నుంచీ పెద్ద పెద్ద అడవుల్ని రిజర్వు చేశారు. తర్వాత కర్ణఫూలీ నది మీద కప్తాయ్ డ్యామ్ వచ్చి లక్షమంది దాకా నిర్వాసితులయ్యారు, ఎక్కువమంది చాక్మాలు. ఆ తర్వాత మైదానాల నుంచి ప్రభుత్వమే లక్షలమందిని తెచ్చి కొండల్లో స్థిరపరిచింది. మన మన్యంలో పోడు మీద ఆంక్షలు ఏ మంట పెట్టాయో 1922లో చూశాం. కొండలో మనిషికి కొండ ఇరుకైతే ఎక్కడైనా అదే.

దీనికి తోడు ఎలుకలు. ఈ కొండల్లో ఒక జాతి వెదురు నలభై ఎనిమిదేళ్లకోసారి ఒక్కసారిగా పూస్తుంది. కాయ కాస్తుంది, ఆ కాయలు తిని ఎలుకలు విపరీతంగా పెరుగుతాయి, కాయలైపోగానే చేల మీద పడతాయి. మిజోలు దాన్ని మౌతామ్ అంటారు, వెదురు చావు. 2007, 2008లో ఇది మిజోరంలోనూ బందర్‌బన్‌లోనూ వచ్చింది. నేను ఐజ్వాల్ వెళ్లేసరికి జనం ఇంకా దాని గురించే మాట్లాడుకుంటున్నారు. రాత్రి చూసిన చేను పొద్దున లేదు సార్, అని చెప్పారు నాకు.

ఒకే జనం ఇన్ని దేశాల వాళ్లెలా అయ్యారు అని మీరు అడగవచ్చు. 1947లో చిట్టగాంగ్ కొండల్లో నూటికి తొంభై ఏడుగురు ముస్లిమేతరులు. ఇండియాలోనే ఉంటామనుకున్నారు. ఆగస్టు 15న ఆ కొండల్లోనే ఉన్న రంగామాటి పట్నంలో మన జెండా ఎగరేశారు. బందర్‌బన్‌లో బర్మా జెండా ఎగరేశారు. రెండు రోజుల తర్వాత సరిహద్దు గీసిన రాడ్‌క్లిఫ్ తీర్పు బయటికొచ్చింది, ఆ కొండల్ని పాకిస్తాన్‌కు ఇచ్చేశారు. రెండు జెండాలూ దించారు. ఇటు మిజోరంలో ఉన్నవాళ్లు ఇండియన్లు, అటున్నవాళ్లు పాకిస్తానీలు, పాతికేళ్లకు బంగ్లాదేశీలు. చుట్టాలు మాత్రం చుట్టాలే.

మతం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1918 ప్రాంతంలో మిషనరీలొచ్చారు. ఇప్పుడు బోమ్‌లు దాదాపు అందరూ క్రైస్తవులు. దాంతో భాషకు రోమన్ లిపి వచ్చింది. ప్రార్థన పాటలు వాళ్ల భాషలోనే, గ్రంథం వాళ్ల భాషలోనే. ఆదివారం చదువుకోవడానికి భాష ఉంది. సోమవారం బడికెళితే లేదు. 2017లో బంగ్లాదేశ్ ప్రభుత్వం చిన్న పిల్లలకు మాతృభాషలో పాఠ్యపుస్తకాలివ్వడం మొదలుపెట్టింది. మంచి పని. ఐదు భాషల్లో ఇచ్చారు: చాక్మా, మార్మా, త్రిపుర, గారో, సాద్రి. బోమ్ అందులో లేదు. ఫిబ్రవరి 21ని ప్రపంచానికంతటికీ మాతృభాషా దినంగా ఇచ్చిన దేశమది. భాష కోసం ప్రాణాలిచ్చిన దేశమది. అక్కడ కూడా పదమూడు వేల మంది భాషకు ఒక వాచకం దొరకడం ఇంత కష్టమైతే, చిన్న సంఖ్యకు ఎక్కడ చోటు దొరుకుతుంది? ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

బందర్‌బన్ పట్నానికి దగ్గర్లో శైలప్రపాత్ అనే జలపాతం ఉంది. టూరిస్టులు తప్పకుండా ఆగే చోటు. అక్కడ బోమ్ ఆడవాళ్లు వరసగా కూర్చుని తాము నేసిన శాలువాలు, దుప్పట్లు, అనాసపళ్లు అమ్ముతారు. బంగ్లాదేశ్ పట్నాలవాళ్లలో చాలామందికి బోమ్ అంటే ఆ శాలువాలే. మగ్గం మన చేనేత మగ్గంలా గుంటలో ఉండదు. ఒక కర్ర గోడకో గుంజకో కడతారు, రెండో కర్ర చివర తోలు పట్టీ ఉంటుంది, దాన్ని నడుం వెనక్కి వేసుకుని కాళ్లు చాపి కూర్చుంటారు. పడుగు బిగించాలంటే ఒళ్లు వెనక్కి వంచాలి, వదులు చేయాలంటే ముందుకు. మగ్గానికి మనిషి నడుమే ఒక భాగం. అందుకే బట్ట వెడల్పు ఒక మనిషి ఒడి అంతే ఉంటుంది. పెద్ద దుప్పటి కావాలంటే రెండు నేసి మధ్యలో కలిపి కుడతారు. ఈ బల్ల మీద మడతపెట్టి ఉన్నది అదే. నల్ల అంచు, ఎర్ర చారలు. మధ్యలో కుట్టు కనిపిస్తుంది, దగ్గరికొచ్చి చూడండి. ఇది నా దగ్గరికి ఎలా వచ్చిందో చెబుతాను.

2022లో కుకీ చిన్ నేషనల్ ఫ్రంట్ అని ఒక సాయుధ సంస్థ పేరు బయటికొచ్చింది. దాని నాయకుడు నాథన్ బోమ్, ఢాకా యూనివర్సిటీలో లలితకళలు చదివినవాడు. కొండల్లోని తొమ్మిది ఉపజిల్లాలతో తమకు విడిగా ప్రాంతం కావాలన్నారు. 1997 డిసెంబరు 2న ప్రభుత్వానికీ కొండజాతుల సంస్థకీ మధ్య జరిగిన శాంతి ఒప్పందం పెద్ద జాతులకే ఉపయోగపడింది, చిన్నవాళ్లకేం రాలేదు అన్నారు. ఆ బాధలో నిజముంది. కానీ తుపాకీ పట్టారు. ఒక తీవ్రవాద ముఠాకు కొండల్లో శిక్షణ ఇస్తున్నారని ప్రభుత్వం ఆరోపించింది. 2022 అక్టోబరులో సైన్యం గాలింపు మొదలుపెట్టింది. నవంబరులో మొదటి కుటుంబాలు సరిహద్దు దాటి మిజోరంలోని పర్వా అనే ఊరికి చేరాయి. 2023 ఏప్రిల్‌లో రోవాంగ్‌ఛరిలో ఎనిమిది మంది బోమ్‌ల శవాలు దొరికాయి. అదే ఏడాది నవంబరులో మున్‌లాయ్ పాడాలో, మళ్లీ 2024 మార్చిలో బెథెల్ పాడాలో ఆ సంస్థతో శాంతి చర్చలు ముఖాముఖి జరిగాయి. పాడా అంటే ఊరు. ఇక సర్దుకుంటుందనుకున్నారు.

2024 ఏప్రిల్ 2, రాత్రి. రుమా అనే చిన్న పట్నం. రంజాన్ నెల. సాయుధులు వచ్చి సోనాలీ బ్యాంకు బ్రాంచి మీద పడ్డారు. పోలీసులవీ, అన్సార్ అనే సహాయక దళం గార్డులవీ 14 తుపాకులు లాక్కున్నారు. మసీదులో నమాజులో ఉన్న బ్రాంచి మేనేజర్ని పట్టుకుపోయారు. మర్నాడు థాన్చీలో పట్టపగలు రెండు బ్యాంకుల్లో పడ్డారు.

ఈ వార్త నేను మా ఇంట్లో ఫోన్‌లో చదివాను. నా చేతులు వణికాయి. మీకు తెలియదేమో, ఏ బ్యాంకులోనైనా స్ట్రాంగ్ రూమ్‌కి రెండు తాళంచెవులుంటాయి. ఒకటి మేనేజర్ దగ్గర, రెండోది క్యాష్ చూసే ఆఫీసర్ దగ్గర. రెండూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. ఏజెన్సీలో చేసినప్పుడు రాత్రి పూట ఆ చెవిని దిండు కింద పెట్టుకుని పడుకున్న రోజులు నాకున్నాయి. అర్ధరాత్రి కుక్క మొరిగితే లేచి కూర్చునేవాణ్ణి. ఆ మేనేజర్ స్థానంలో నన్ను నేను చూసుకున్నాను. ఆయన భార్యాపిల్లల స్థానంలో మా వాళ్లను చూసుకున్నాను. రెండు రోజుల తర్వాత ఆయన ప్రాణాలతో బయటపడ్డాడని చదివి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. రుమా వాల్ట్‌లో డబ్బు లెక్కపెడితే ఉన్నది ఉన్నట్టే ఉంది. అయినా ఆ పని చేసినవాళ్ల మీద నాకు జాలి ఏమీ లేదు. వాళ్లను పట్టుకోవాలి, కోర్టులో నిలబెట్టాలి, శిక్షించాలి. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పేది విని నేను దొంగల పక్షాన మాట్లాడుతున్నానని ఎవరూ అనుకోకూడదు.

ఆ వారంలోనే అరెస్టులు మొదలయ్యాయి. బెథెల్ పాడా నుంచి ఒక్క రోజులో పదుల మందిని తీసుకెళ్లారు. మొత్తం నూరుమందికి పైగా. అందులో ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు, చంటిబిడ్డల తల్లులు ఉన్నారని మానవ హక్కుల సంఘాలు చెప్పాయి. నెలలు గడిచాయి, ఏడాది గడిచింది, చాలామందికి బెయిలు రాలేదు. అలా జైలుపాలైన వాళ్లలో ముగ్గురు 2025 మే నుంచి జూలై లోపల చనిపోయారు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన అంకె దగ్గరికి రండి. పదమూడు వేల మందిలో నూరుమందికి పైగా అంటే ఎంత? అదే నిష్పత్తిలో రాజమండ్రి నుంచి తీసుకెళ్తే వేలమంది జైల్లో ఉంటారు. మీ వీధిలో, మీ చుట్టాల్లో, మీ గుడి కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా ఉంటారు. పదమూడు వేల మంది జాతిలో అందరూ అందరికీ ఏదో వరస అవుతారు. సాయుధుడి చిన్నాన్న కొడుకు ఎవరంటే, సగం ఊరు. సంబంధం ఉందా లేదా అని వెతికితే దొరకని మనిషే ఉండడు. పెద్ద జాతిలో నలుగురు తప్పు చేస్తే నలుగురి తప్పవుతుంది. చిన్న జాతిలో నలుగురు తప్పు చేస్తే పేరు చివరి మాట మొత్తం తప్పయిపోతుంది. చెక్‌పోస్టులో కార్డు తీయగానే ఆ మాట కనిపిస్తుంది. కూలికి వెళ్లాలన్నా, మందులకు వెళ్లాలన్నా, బియ్యం కొనుక్కోవాలన్నా ఆ మాటను దాటుకుని వెళ్లాలి.

పేరే నేరం కావడం మనకు కొత్తా? 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఎరుకలవాళ్లను ఆ జాబితాలో వేశారు. బాపట్ల దగ్గర స్టువర్ట్‌పురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. పుట్టిన బిడ్డ పుట్టగానే అనుమానితుడు. పూటపూటా హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. చట్టం 1952లో పోయింది. కానీ ఆ ఊరి పేరు చెబితే ఉద్యోగం రాదని ఊరు పేరు మార్చి రాసుకున్న కుర్రాళ్లు మా తరంలో కూడా ఉన్నారు. డెబ్భై ఏళ్లకు పైగా అయింది, ఆ మచ్చ ఇంకా పూర్తిగా పోలేదు. అందుకే రుమా వార్త వింటే మన తెలుగువాళ్లకు ఇది దూరపు గొడవ అనిపించకూడదు.

మిజోలకు అసలు అనిపించలేదు. ఐజ్వాల్‌లో ముసలివాళ్లు నాకు చెప్పేవారు. 1959 మౌతామ్ కరువులో పట్టించుకున్నవాళ్లు లేక, ఆ కోపంలోంచి మిజో నేషనల్ ఫ్రంట్ పుట్టింది. 1966 మార్చిలో ఐజ్వాల్ మీద మన విమానాలే బాంబులు వేశాయి. 1967 నుంచి ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించి, ఇళ్లు కాల్చేసి, రోడ్డు పక్కన కంచెల్లో పెట్టారు. తుపాకీ పట్టినవాడు అడవిలో ఉంటే, పట్టనివాడు కంచెలో ఉన్నాడు. అది ఆగింది 1986 జూన్ 30న, ఒప్పందం మీద సంతకాలు పెట్టాక. నిన్నటిదాకా తిరుగుబాటు నడిపిన లాల్‌డెంగా ముఖ్యమంత్రి అయ్యాడు. మా బ్రాంచిలో వాచ్‌మన్ ఒకాయన కంచె లోపల పుట్టినవాడే. అంత చూసిన జనం కాబట్టే, బర్మా నుంచి ముప్పై వేలమందికి పైగా చిన్‌లు వచ్చినా, బంగ్లాదేశ్ నుంచి బోమ్‌లు వచ్చినా, మిజోలు తలుపు వేయలేదు. ఇండియాకు శరణార్థుల చట్టం అంటూ లేదు. చర్చీలు బియ్యం వసూలు చేశాయి, కుర్రాళ్లు వెదురు నరికి షెడ్లు వేశారు. 2024 నాటికి వెయ్యి మందికి పైగా బోమ్‌లు అలా ఇటు చేరారు.

నా పక్క సీట్లో పనిచేసిన ఆ అమ్మాయి ఇప్పుడు లాంగ్‌త్లై వైపే ఉంటోంది. ఇద్దరు పిల్లల తల్లి. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది, ఇప్పటికీ సార్ అనే పిలుస్తుంది. పోయినేడు చర్చి తరఫున బియ్యం తీసుకుని పర్వా వెళ్లింది. అక్కడ ఒకావిడ షెడ్డు గుంజకు కర్ర కట్టి నేస్తూ కనిపించిందట. వచ్చేటప్పుడు కట్టుబట్టలతో వచ్చింది, మగ్గం మాత్రం ఇక్కడి వెదురుతో తనే చేసుకుంది. మా క్లర్కు అమ్మాయి ఒక దుప్పటి కొని నాకు పంపింది. ఇదే అది.

ఆవిడ గురించి నేను ఇంకా అడిగాను. ఏప్రిల్‌లో బయల్దేరాల్సి వచ్చిందట. అప్పటికి కొండ నరికారు, కాల్చారు, వాన కోసం చూస్తున్నారు. బూడిద మీద అడుగు పెట్టకుండానే వదిలేసి వచ్చారు. ఆవిడ వెంట తెచ్చుకున్నవి రెండే. ప్రార్థన పుస్తకం, విత్తనాల మూట. వరి, నువ్వులు, పత్తి, గుమ్మడి, దేనికది విడివిడిగా గుడ్డలో కట్టి ఉన్నాయట. బియ్యం ఇచ్చినప్పుడు తీసుకుంది. కానీ మా అమ్మాయిని పక్కకు పిలిచి అడిగింది మాత్రం కొండ వాలు మీద ఒక చిన్న ముక్క ఎవరైనా ఇస్తారేమో అని. ఈ విత్తనం ఈ ఏడు మొలుస్తుంది, వచ్చే ఏడుకు సగమే మొలుస్తుంది, ఆ తర్వాత మొలవదు, అందట.

ఊరి పెద్దలను అడుగుతానని మా అమ్మాయి చెప్పింది. మొన్న ఫోన్‌లో అడిగాను. అరెకరం కంటే తక్కువే, గానీ ఇచ్చారు సార్, వాన కోసం చూస్తున్నారు, అంది.